ఆట నేర్పించడమంటే ఫీజు కట్టడమేనా?

2022 డిసెంబరులో ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ చూసిన రాత్రి మా ఇంట్లో రెండు పోయాయి. మావాడి నిద్ర, బాల్కనీలో నా తులసి కుండీ! అర్జెంటీనా, ఫ్రాన్స్ మూడేసి గోల్స్‌తో సమంగా నిలిచి, చివరికి పెనాల్టీలతో తేలిన ఆ ఆట ఎనిమిదేళ్ల మావాణ్ని నిలవనీయలేదు. మర్నాటినుంచి చేతికి దొరికిందల్లా కాలికి దొరికినట్టే. సాక్సుల ఉండ, టమాటా, చెల్లని బల్బు డబ్బా... ఏదీ మిగల్లేదు.

"వీణ్ని ఎక్కడైనా చేర్పిద్దాం" అన్నారు మా వారు. నేనూ సరేనన్నాను. అపార్ట్‌మెంట్ కింద ఆడుకోమందామంటే, అక్కడ 'బంతి ఆటలు ఆడరాదు' అని పలక. బడిలో ఆడతాడులే అనుకుందామంటే, ఆ బడే ఓ నాలుగంతస్తుల భవనం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. మా పిల్లల బడిలో ఆ స్థలంలో బస్సులు నిలబెడతారు. ఇక మిగిలింది డబ్బిచ్చి నేర్పించుకోవడమే.

అప్పుడే ఓ కరపత్రం మా ఇంటికొచ్చింది. దాని మీద ఓ విదేశీ క్లబ్బు పేరు, పచ్చటి మైదానం, తెల్లజుట్టు కోచ్, కప్పు ఎత్తుకున్న పిల్లలు. మా వారు ఫ్యాన్ కొనాలన్నా నలుగుర్ని అడిగి, మూడు దుకాణాలు తిరిగే మనిషి. ఆ కరపత్రం చూశాక ఒక్కరినీ అడగలేదు. నెలకి నాలుగున్నర వేలు, ఏడాదికి ఒకేసారి కడితే నలభై రెండు వేలు. రిజిస్ట్రేషన్, జెర్సీలు, స్టడ్స్ అదనం. "ఒకేసారి కడితే పన్నెండు వేలు మిగుల్తాయి" అని లెక్క చెప్పారు. నేను రెండేళ్లుగా కడుతున్న చిట్టీ ఆ నెలే పాడుకున్నాను. ఆ డబ్బే తీసి ఇచ్చాను.

చెప్పొద్దూ, మొదటి రోజు ఆ జెర్సీలో మావాణ్ని చూస్తే నాకే కళ్లు చెమర్చాయి.

నాలుగో వారానికి ఆ మురిపెం తీరింది. ఆ కరపత్రంలోని తెల్లజుట్టు కోచ్‌ని మేమెప్పుడూ చూడలేదు. కాలేజీ చదువు ఇంకా పూర్తికాని ఓ కుర్రాడు వచ్చేవాడు. ముప్ఫైమంది పిల్లలు, ఏడు బంతులు. వరసలో నిలబడాలి, వంతు వచ్చాక కోన్ల మధ్యనుంచి బంతి తోసుకుంటూ వెళ్లాలి, మళ్లీ వరస చివర నిలబడాలి. ఓ రోజు ఏమీ తోచక నేను గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. గంటలో మావాడి కాలు బంతికి తగిలింది పందొమ్మిది సార్లు! మిగతా సేపంతా ముందున్నవాడి వీపు మీద నెంబరు చదువుతూ నిలబడ్డాడు. ఇంట్లో సాక్సుల ఉండతోనే పది నిమిషాల్లో అంతకు మూడింతలు ఆడేవాడు కదా అనిపించింది.

నాలుగు నెలల్లో ముగ్గురు కోచ్‌లు మారారు. శనివారం మ్యాచ్ పెడితే బాగా ఆడే పదిమందే ఆడేవారు. మిగతావాళ్లు నీళ్ల సీసాల దగ్గర కూర్చునేవారు. బయట టోర్నమెంట్‌కి తీసుకెళ్లాలంటే మళ్లీ డబ్బు. అయిదో నెల వచ్చేసరికి మావాడికి సరిగ్గా క్లాసున్న రోజుల్లోనే కడుపునొప్పి రావడం మొదలైంది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన నవ్వి, "కడుపులో ఏం లేదమ్మా, ఆ క్లాసేదో కనుక్కోండి" అన్నారు.

డబ్బు వెనక్కి అడిగాం. దరఖాస్తు వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాలతో, కట్టిన రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదని రాసి ఉంది. కింద మా వారి సంతకం.

ఇందులో వాళ్ల తప్పు ఎంతో, మా తప్పూ అంతే అంటాను నేను. పట్టుచీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? మడత విప్పించి, కొంగు చూసి, వెనక్కి తిప్పి నేత చూసి, వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూస్తాం. బెండకాయ కొనాలన్నా చివర తుంచి చూస్తాం. అలాంటిది పిల్లవాడి సాయంత్రాలన్నీ ఒకరి చేతిలో పెడుతూ అట్ట మీది బొమ్మ చూసి డబ్బు కట్టేశాం!

ఈ సంగతంతా విని మా మామగారు ఓ మాటన్నారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పుట్టి పెరిగింది సికింద్రాబాదులోనే. "మన ఊళ్లో ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి విదేశీ పేరెందుకే తల్లీ! మన ఊరి నుంచే కదా దేశం నేర్చుకుంది" అన్నారు.

నిజమే సుమా! ఎస్.ఎ. రహీమ్ హైదరాబాదు వారే. బడి పంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మా ఇంటికి కూతవేటు దూరంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ ఒలింపిక్స్ ఆడాడు, 1962 బంగారు పతకం జట్టులోనూ ఉన్నాడు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మా పిల్లలకి రహీమ్ పేరు తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ పెద్దగా తెలీదు.

రహీమ్ గారు పిల్లలకి నేర్పిన తీరు గురించి మామగారు చెప్పింది నా మనసులో నాటుకుపోయింది. ఆయన బంతిని ఒక్కరే దొర్లించుకుంటూ పోకూడదని నిబంధన పెట్టి పిల్లలకి పోటీలు జరిపేవారట. బంతి వచ్చీ రాగానే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. ఎంత తెలివైన చదువో చూడండి! పంచుకోవడమూ నేర్పినట్టే, బలహీనతని బలంగా మార్చుకోవడమూ నేర్పినట్టే. దానికి విదేశీ ముద్ర అక్కర్లేదు, రంగు రంగుల కరపత్రం అక్కర్లేదు. పిల్లల్ని ఎరిగిన పంతులు ఉంటే చాలు.

ఆ తర్వాత నేనే పూనుకున్నాను. రెండు నెలలపాటు, ఇంటిపని అయ్యాక, కథల పుస్తకం పక్కన పెట్టి, మా వైపు ఉన్న అయిదారు శిక్షణ కేంద్రాల గట్ల మీద కూర్చున్నాను. అప్పుడు తెలిసినవి నా తోటి తల్లులకి చెప్పాలనిపిస్తోంది.

మొట్టమొదట అడగాల్సింది, "రోజూ నేర్పించేదెవరు?" అని. అధిపతి ఎవరో, సలహాదారు ఎవరో మనకి అనవసరం. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ల కోచింగ్ లైసెన్సులున్నాయి. డి, సి, బి, ఎ అంటూ కింది నుంచి పైకి వెళతాయి. చిన్నపిల్లలకి నేర్పించేవారికి కనీసం డి లైసెన్సు ఉందా అని నిర్మొహమాటంగా అడగొచ్చు. ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. లేనివాళ్లు క్లబ్బు చరిత్ర చెప్పడం మొదలెడతారు. అయితే కాగితం ఒక్కటే చాలదు. పిల్లవాడు పొరపాటు చేసినప్పుడు ఆ కోచ్ ముఖం చూడండి. పక్కకి పిలిచి చెబుతున్నాడా, అందరి ముందూ "నీకిది రాదురా" అంటున్నాడా? లైసెన్సు మీద ఈ సంగతి రాసి ఉండదు.

రెండోది, బంతుల్ని లెక్కపెట్టండి. నేను చేసినట్టే చేయండి. తలకో బంతి, లేదా ఇద్దరికో బంతి ఉంటే పిల్లలు ఆడుతున్నట్టు. ముప్ఫైమందికి ఏడుంటే నిలబడుతున్నట్టు. బంతి సైజూ చూడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి మూడో నెంబరు, అక్కడినుంచి పన్నెండేళ్ల దాకా నాలుగో నెంబరు, ఆ తర్వాతే పెద్దవాళ్లాడే అయిదో నెంబరు. ఏడేళ్ల బుడతడికి అయిదో నెంబరు బంతి ఇవ్వడమంటే ఒకటో తరగతి వాడికి పెద్దబాలశిక్ష మోయమని ఇచ్చినట్టే. మైదానమూ అంతే. చిన్నపిల్లలు అయిదుగురూ ఏడుగురూ చొప్పున చిన్న గీతల మధ్య ఆడితేనే అందరి కాళ్లకీ బంతి అందుతుంది. పెద్ద మైదానంలో పదకొండేసి మందిని వదిలేస్తే నలుగురు ఆడతారు, మిగతావాళ్లు పరిగెత్తుతారు.

మూడోది, ఒంటి సంగతి. ఆడేటప్పుడు మోకాలి కింద షిన్ గార్డులు పెట్టుకోవడం ఆట నియమాల్లోనే ఉంది. అవి లేకుండా ఆడించేవాళ్లని నమ్మకండి. చిన్నపిల్లల చేత తలతో బంతిని కొట్టించడం మంచిది కాదని ఇతర దేశాలు ఎప్పుడో గుర్తించాయి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి అది వద్దంది. ఇంగ్లండు వాళ్లు 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణలోంచి తీసేశారు. ఇక మన ఎండ! ప్లాస్టిక్ గడ్డి పరిచిన టర్ఫ్‌లు మామూలు నేలకంటే బాగా వేడెక్కుతాయి. మే నెలలో మధ్యాహ్నం నాలుగింటికి క్లాసు పెట్టే చోట నేను చెయ్యి ఆనించి చూశాను. పెనం మీద పెట్టినట్టే ఉంది. నీళ్లకి ఎన్నిసార్లు ఆపుతారు, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంది, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు... ఇవి అడిగితే మనని చాదస్తులనుకుంటారని మొహమాటపడకండి.

నాలుగోది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సింది. "తల్లిదండ్రులు లోపలికి రాకూడదు" అని బోర్డు పెట్టే చోట నా పిల్లల్ని నేను వదలను. ప్రతి నిమిషం పక్కన కూర్చుని "పాస్ చెయ్యరా" అని అరవమని కాదు. అలా అరిచేవాళ్లూ పిల్లల్ని చెడగొడతారు. కానీ ఎప్పుడు వచ్చి చూసినా అభ్యంతరం ఉండకూడదు. కోచ్ పిల్లలతో విడిగా ఫోన్లో మాట్లాడకూడదు. బట్టలు మార్చుకునే గదిలోకి పెద్దవాళ్లు ఎవరు వెళతారో తెలియాలి. 2012లో పోక్సో చట్టం ఎందుకు చేయాల్సి వచ్చిందో మనందరికీ తెలుసు. మగపిల్లలకి ఏం భయం అనుకోకండి. ఆ చట్టం ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుంది.

అయిదోది డబ్బు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. రాయితీ ఎంత ఇచ్చినా సరే! మొదట రెండు మూడు క్లాసులు చూసి, తర్వాత నెల నెలా. పిల్లల ఇష్టాలు మారతాయి, జ్వరాలొస్తాయి, పరీక్షలొస్తాయి. జెర్సీకెంత, టోర్నమెంట్‌కెంత, మానేస్తే ఎంత వెనక్కిస్తారు... కాగితం మీద రాయించుకోండి. వెనకవైపు కూడా చదవండి. నా చిట్టీ డబ్బు పోయాక వచ్చిన తెలివి ఇది, మీకు ఉచితంగా ఇస్తున్నాను.

ఇక ఆశల సంగతి. "మావాళ్లని విదేశీ క్లబ్బులకి పంపిస్తాం" అనే మాట ఎక్కడ వినిపించినా లేచి వచ్చేయండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మార్చుకోవడం, కొద్దిపాటి మినహాయింపులతో తప్ప, ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. పెద్ద క్లబ్బుల భవిష్యత్తే స్థిరంగా లేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి మనందరినీ మురిపించిన హైదరాబాద్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అలాంటిచోట తొమ్మిదేళ్ల పిల్లవాడి పదేళ్ల తర్వాతి జీవితానికి ఎవరు హామీ ఇవ్వగలరు? నిజంగా అసాధారణమైన ప్రతిభ ఉండి, చేతిలో డబ్బు లేని పిల్లలకి దారులు లేకపోలేదు. హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. అనంతపురంలో ఆర్డీటీ వారు పల్లెటూరి పిల్లలకి ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. ఊరికే సరదాగా ఆడి చూడటానికైతే నగరపాలక సంస్థ వేసవి శిబిరాలున్నాయి. వాటి ఫీజు నామమాత్రమే. ముందు అక్కడ ఓ నెల పంపి, పిల్లవాడికి ఆట ఇష్టమో, జెర్సీ ఇష్టమో తేల్చుకోవచ్చు.

ఇంతా రాశానని ప్రైవేటు శిక్షణ అంతా మోసమని నా ఉద్దేశం కాదు. గంటకింత అని టర్ఫ్ అద్దె కట్టి, అరకొర జీతాలతో నెట్టుకొస్తూ, పిల్లల పేర్లే కాదు వాళ్ల కుక్కపిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునే కోచ్‌లని చూశాను. మా ఎదురింటివాళ్ల అబ్బాయి అలాంటి చోటే మూడేళ్లుగా హాయిగా ఆడుతున్నాడు. ఫీజు మేం కట్టినదానికంటే ఎక్కువే. అది తగినదే. నేనడిగేది ఒక్కటే, పేరుకి కాదు, పనికి డబ్బివ్వమని.

మావాడు ఇప్పుడు మా ఇంటికి దగ్గర్లోని మట్టి మైదానంలో ఆడుతున్నాడు. వారానికి మూడు రోజులు, ఉదయం ఆరింటికి. కోచ్ ఒకప్పుడు ఉద్యోగుల జట్టుకి ఆడిన మనిషి. పద్నాలుగు మంది పిల్లలు, పన్నెండు బంతులు. కడుపునొప్పి మళ్లీ రాలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ అసలు సంగతి ఇంకోటుంది.

ఆ మైదానానికి వెళ్లిన రెండో వారంలో, గీత దాటి వచ్చిన బంతిని మా అమ్మాయి వెనక్కి కొట్టింది. దానికప్పుడు పన్నెండేళ్లు. తమ్ముడి క్లాసు అయ్యేదాకా నాతోపాటు గట్టు మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. బంతి నేలకి రాసుకుంటూ తిన్నగా వెళ్లి కోచ్ కాళ్ల దగ్గర ఆగింది. ఆయన ఓ క్షణం చూసి, "ఆ అమ్మాయిని ఎందుకమ్మా కూర్చోబెట్టారు?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. దారిలో దాన్నడిగాను, "నీకు ఆడాలనుందా? ఎప్పుడూ చెప్పలేదేం?" అని. అది చాలా మామూలుగా, "నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆడపిల్లలపై వివక్ష గురించి కథలు రాశాను నేను! ఒక కథకి బహుమతి కూడా వచ్చింది. ప్రపంచకప్ ఫైనల్ ఇద్దరూ కలిసే చూశారు. కరపత్రం ఇద్దరి ముందే విప్పాం. చిట్టీ డబ్బు మాత్రం వాడికే తీశాను. ఏడాదిన్నరపాటు ఆ పిల్ల, తను ఆడని ఆటకి, తమ్ముడి నీళ్ల సీసా మోసింది. నేను గట్టు మీద కూర్చుని వాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టాను. పక్కనే కూర్చున్న దాని సంగతి లెక్కలోకే రాలేదు.

మర్నాడే చేర్పించాను. ఇంట్లో ఊరికే జరగలేదు లెండి. "ఎండలో నల్లబడిపోతుంది, మోకాళ్ల మీద మచ్చలు పడితే రేపు..." అని మా అత్తగారు మొదలెట్టారు. "మీ మనవడికి పడిన మచ్చల గురించి మీరెప్పుడూ అనలేదు కదత్తయ్యా" అన్నాను. మామగారు పేపరు చాటున నవ్వుకున్నారు. అత్తయ్యది చెడ్డ మనసు కాదు. నాలుగో నెలలో ఆవిడే కొబ్బరినూనె, పసుపు కలిపి దాని మోకాలికి రాశారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడుతోందని, 2022లో క్రొయేషియాలోని ఒక క్లబ్బుకి కూడా వెళ్లిందని చెబితే, "ఆ పిల్ల తల్లి ఎవరో గానీ గట్టిదే" అన్నారు.

అమ్మాయిని పంపాక కొత్త ప్రశ్నలు తెలిశాయి. మైదానంలో మరుగుదొడ్డి ఉందా, దానికి లోపలి నుంచి గడియ ఉందా? ఇంకా ఎంతమంది అమ్మాయిలున్నారు? నెలసరి రోజుల్లో "ఇవాళ కొంచెం తగ్గించి ఆడతాను సార్" అని చెప్పగలిగే వాతావరణం ఉందా? ఆడ కోచ్ లేకపోతే కనీసం ఒక తల్లయినా రోజూ ఉంటుందా? మా మైదానంలో గడియ లేదు. నలుగురు తల్లులం తలా కొంత వేసుకుని పెట్టించాం. ఆ గడియ పెట్టిన నెలలోనే ఇంకో ముగ్గురు అమ్మాయిలు చేరారు. అంతకుముందు వాళ్లు రాకపోవడానికి కారణం ఆట మీద ఇష్టం లేకపోవడం కాదన్నమాట!

మా అమ్మాయి గొప్ప క్రీడాకారిణి అవుతుందో లేదో నాకు తెలీదు. బహుశా కాదు. ఆలస్యంగా మొదలెట్టింది, ఆ ఆలస్యం నాదే. కానీ ఉదయం అయిదున్నరకి నేను లేపకుండానే లేస్తోంది. ఓడిపోయి వచ్చి అన్నం మానేయడం మానేసింది. మొన్న తమ్ముడు బంతి ఇవ్వకుండా ఒక్కడే దొర్లించుకుపోతుంటే, "రహీమ్ సార్ ఉంటే నిన్ను బయట కూర్చోబెట్టేవారు" అంది.

సెలవులు వస్తున్నాయి. మళ్లీ కరపత్రాలూ వస్తాయి. ఫీజు కట్టే ముందు మైదానం గట్టు మీద ఓ గంట కూర్చోండి. బంతుల్ని లెక్కపెట్టండి. తర్వాత ఇంటికొచ్చి, ఇంట్లో ఉన్న పిల్లల్నందరినీ అడగండి, అడగని వాళ్లని ముందుగా.